ప్రేమ నవలకి పంటకోత ప్రయోగం

వక్కలంక రాజ్యం పదకొండు ప్రేమ నవలలు రాసింది. పదకొండింటిలోనూ మొదటి అధ్యాయంలో తిట్టుకున్నవాళ్లే ఆఖరి అధ్యాయంలో పెళ్లి చేసుకున్నారు. చివరికి ఏమవుతుందో ముందే తెలిసినా పాఠకులు మాత్రం నవ్వుకుంటూ చదివేవారు. ఆవిడ రాసిన ఒక సీరియల్ చదువుతూ ఆర్టీసీ కండక్టరు ఒకాయన రావులపాలెం దాకా ఒక్క టిక్కెట్టూ కొట్టలేదని అప్పట్లో చెప్పుకున్నారు.

రాజ్యం అమలాపురంలో మునిసిపల్ బాలికల హైస్కూల్లో తెలుగు టీచరు. వయసు నలభై ఎనిమిది. పెళ్లి చేసుకోలేదు. ఎవరినీ ప్రేమించనూ లేదు. ప్రేమంటే పడక కాదు, ఇద్దరు తమ్ముళ్ల చదువులూ ఉద్యోగాలూ ఒక కొలిక్కి వచ్చేసరికి ఆ పాఠం సిలబస్‌లోంచి తీసేసినట్టయింది. "ఇవన్నీ మీకెలా తెలుస్తాయి టీచర్‌గారూ?" అని ఎవరైనా అడిగితే, "అబద్ధాలాడ్డం అలవాటైపోయిందమ్మా" అనేది.

పన్నెండో నవల పేరు 'కుళాయి వంతు'. కింది వాటాలో హోమియో డాక్టరు, పై వాటాలో వయొలిన్ టీచరు, ఇద్దరికీ కలిపి ఒకటే కుళాయి. 'చిరుగాలి' వారపత్రిక దీన్ని ఉగాది సంచిక నుంచి మొదలుపెడతానని మాటిచ్చింది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి సాహిత్యం మీద శ్రద్ధ పుట్టింది.

దీనికి కారణం ఇంకెవరిదో నవల. అందులో నాయిక అమలాపురం రైల్వే స్టేషన్లో కన్నీళ్లతో రైలెక్కుతుంది. ఆ ఘట్టానికి కరిగిపోయిన పాఠకుడొకడు భార్యాపిల్లలతో, ఆరు సూట్‌కేసులతో ఆ స్టేషను చూడ్డానికి వచ్చాడు. అమలాపురంలో రైలు లేదు. ఆటోవాళ్లు మూడు గంటల సేపు ఊరంతా తిప్పి ఆ సంగతి చెప్పారు. ఆయన పెట్టుకున్న అర్జీ నాలుగు శాఖలు తిరిగి, ఐదో శాఖలో ఒక కమిటీ అయి, ఆరు నెలలకి 'రాష్ట్ర కల్పనా సాహిత్య ప్రామాణికతా మండలి' అయి కూర్చుంది. మండలి మొదటి ఉత్తర్వు ఇది: ఇకపై ప్రణయ నవలలలోని ఏ సంఘటనయూ తగిన పరిశోధనా ఆధారము లేనిదే ముద్రింపరాదు.

'చిరుగాలి' సంపాదకుడు ఫోన్ చేసి, "ఏం లేదమ్మా, చిన్న సర్టిఫికెట్టు. వెళ్లి పట్టుకొచ్చెయ్యండి" అన్నాడు.

రాజ్యం స్కూలుకి సెలవు పెట్టి వెళ్లింది. మండలి సభ్య కార్యదర్శి విశ్వపతిగారు అంతకుముందు తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేశారు. ఆయన బల్ల మీద రాజ్యం రాతప్రతి ఉంది. దాని మీద, ఎగిరిపోకుండా, అరకిలో ఇనప రాయి ఉంది.

"దరఖాస్తులో హాస్య ప్రణయ నవల అని పేర్కొన్నారు. హాస్యమెంత? ప్రణయమెంత?"

"అలా కొలవలేదండీ."

"కొలవకుండా రాశారన్నమాట," అన్నారాయన, ముద్ర లేని రాళ్లతో చింతపండు అమ్ముతూ దొరికిన మనిషిని చూసినట్టు చూసి. "సరే. సంఘటన నంబరు నాలుగు. గ్రంథాలయపు మెట్లపై నాయికానాయకులు పరస్పరము ఢీకొనుట, తత్ఫలితముగా ప్రేమాంకురము. ఆధారం?"

"ఊహండీ."

"ఊహ జాబితాలో లేదు." జాబితా తీసి ఆవిడవైపు తిప్పారు. "వినికిడి ఉన్నది, ఇద్దరు సాక్షులతో. పత్రికా వార్త ఉన్నది, కత్తిరింపుతో సహా. స్వానుభవము ఉన్నది, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణతో. తమకు స్వానుభవం ఉన్నదా?"

పక్క బల్లల దగ్గర టైపు చేస్తున్న ఇద్దరమ్మాయిలు చేతులు ఆపారు.

"లేదండీ."

"స్వల్పముగానైనా?"

"లేదండీ."

"కళాశాల దినములలో?"

"లేదని చెప్పాను కదండీ."

విశ్వపతిగారు ఎర్ర సిరాతో 'శూన్యం' అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశారు. "విచారించనక్కరలేదు. స్వానుభవ శూన్యుల సౌకర్యార్థము మండలి క్షేత్ర పరిశోధన ఏర్పాటు చేసినది. ఒక పర్యవేక్షకుణ్ణి పంపెదము. ఆయన సమక్షములో తమ సంఘటనలన్నియు వాస్తవముగా జరుగునో జరగవో పరిశీలించుకొనవచ్చును."

తిరుగు బస్సులో రాజ్యానికి కిటికీ పక్క సీటే దొరికింది కానీ బయటికి చూడబుద్ధి కాలేదు. పదకొండు నవలల్లో ఇరవై రెండు మందిని ప్రేమించుకోమని చెప్పి ప్రేమింపజేసింది. ఒక్కడూ కాగితం అడగలేదు. ఇప్పుడు 'శూన్యం' అన్న రెండక్షరాలూ ఆవిడ పేరు పక్కన, ఫైల్లో, పొట్టి సంతకంతో పడ్డాయి. ఆ ఇద్దరమ్మాయిలూ సాయంత్రం టీ తాగుతూ ఏమనుకుంటారో ఆవిడ ఊహించగలదు. ఊహించడం ఆవిడకి బాగా వచ్చు.

వారం తిరగకముందే పర్యవేక్షకుడు వచ్చాడు. పేరు మట్టా గంగరాజు. యాభై ఒక్కేళ్ల మనిషి, భార్య పోయి తొమ్మిదేళ్లయింది. గణాంక శాఖలో పంటకోత ప్రయోగాలు చేసి దిగుబడి లెక్కగట్టే సహాయ అధికారి. మండలిలో పరిశోధన తెలిసినవాళ్లెవరూ లేకపోవడం వల్లా, రెండు కోతల మధ్య ఈయన ఖాళీగా ఉండడం వల్లా డిప్యుటేషన్ మీద వేశారు. చేతిలో ఒక పెట్టె. అందులో టేపు, పురికొస, నాలుగు కొయ్య మేకులు, ర్యాండమ్ నంబర్ల పుస్తకం.

"ఇంతకుముందు ప్రేమ మీద చేశారాండీ?" అని అడిగింది రాజ్యం, కుర్చీ వేస్తూ.

"లేదండి. వరి, మినుము, ఓపాలి కొబ్బరి. పద్ధతొకటేనండి, ఆయ్. నంబరు తీసి చేను పట్టుకుంటాం. ఐదు మీటర్లకి ఐదు మీటర్లు కొలిసి మేకులు పాతుతాం. అందులో ఎంత పండితే అంత రాత్తాం. పండనిది పండిందని రాయం."

ఆ చివరి మాట గొప్ప కోసం అన్నది కాదు. వరదొచ్చిన ఏడు, మునిగిపోయిన చేలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, పెద్ద అధికారి ఎదురుగానే ఆయన సున్నా రాశాడు. "కనీసం రెండు బస్తాలు వెయ్యవయ్యా, బాగుండదు" అంటే, "ఎక్కడున్నాయో చూపించండి, వేత్తాను" అన్నాడట. అప్పట్నుంచి ఆయనకి ప్రమోషన్ రాలేదు.

నంబరు తీస్తే కాలవగట్టు పార్కులో పదిహేడో బెంచీ వచ్చింది. దాని చుట్టూ మేకులు పాతి, పురికొస కట్టి, ఒక మూల రాజ్యం, ఇంకో మూల గంగరాజు స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. స్కూలు అయ్యాక రోజూ సాయంత్రం ఆరున్నర దాకా ప్రేమ పండుతుందేమోనని చూశారు. వేరుశనక్కాయలవాడు మొదటి రోజు వాళ్లని భూమి సర్వే వాళ్లనుకున్నాడు. రెండో రోజు దొంగల్ని పట్టుకునేవాళ్లనుకున్నాడు. మూడో రోజు సంగతి తెలిసి రెండు పొట్లాలు ఊరికే ఇచ్చాడు, జాలిపడి.

వారం చివర గంగరాజు పంపిన నివేదికలో ఇలా ఉంది. ఢీకొన్నవారు తొమ్మిది జతలు. అందులో తగాదాలు ఐదు. 'కళ్లు కనపడట్లేదా' అన్న మాట ఎనిమిది సార్లు వినబడినది. ఒక జత మాత్రము నవ్వుకొన్నారు, విచారించగా వారు అన్నదమ్ములు. ప్రేమాంకురము: లేదు.

మండలి నుంచి మెమో వచ్చింది. 'సదరు ఢీకొనుటలు సమతల ప్రదేశములో జరిగినవి. నవలలో మెట్లు కలవు. కావున ఇవి చెల్లవు.' ఆ వెంటనే జిల్లాలోని శాఖా గ్రంథాలయాలన్నిటికీ సర్క్యులర్ వెళ్లింది. అమలాపురం లైబ్రరీ గోడకి బోర్డు వేలాడింది: 'ఇచ్చట మెట్లపై ఢీకొను వేళలు ఉదయం 10 నుండి 12 వరకు. సోమవారం సెలవు.'

లైబ్రరీకి రోజూ వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది రిటైరైనవాళ్లు. పేపరు చదువుకుందామని వచ్చిన రామచంద్రం మాస్టారి చేత రిజిస్టర్లో సంతకం పెట్టించి, సబ్ రిజిస్ట్రారాఫీసులో పనిచేసి దిగిపోయిన అనసూయమ్మగారు పైనుంచి వస్తుండగా కింద నిలబెట్టారు. ఆవిడ మోకాళ్ల నొప్పులతో ఒక్కో మెట్టూ దిగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఢీకొనే సమయానికి మాస్టారు నిలబడే నిద్రపోయారు.

"వేగం ఎంతని రాయమంటారు?" అని లైబ్రేరియన్ అడిగాడు.

"ఉన్నదే రాయండి. గంటకి పదిహేను మెట్లు," అన్నాడు గంగరాజు.

సంఘటన నంబరు తొమ్మిదికి వాన కావాలి. రేషన్ షాపు దగ్గర హఠాత్తుగా వాన ముంచుకొచ్చి డాక్టరూ వయొలిన్ టీచరూ ఒకే చూరు కింద ఇరుక్కుంటారు. అది మార్చి నెల. వాన పడే సూచన లేదని రాజ్యం రాసి పంపితే, 'వాన పడనిచో సంఘటన తొలగించవలెను, లేనిచో పడవేయించవలెను' అని మండలి రాసింది. ఫైరింజను వచ్చింది. రేషన్ షాపు ముందు లైన్లో ఉన్న నలభై మందిని నిలువునా తడిపింది. చూరు కింద ఇరుక్కున్నది ఇద్దరు కాదు, నలభై మంది. అందులో ఎవరికీ ఎవరిమీదా ప్రేమ పుట్టలేదు. అందరికీ కలిపి డీలరు మీద కోపం మాత్రం వచ్చింది, ఎందుకంటే లోపల పంచదార బస్తాలు రెండు పానకమైపోయాయి. 'వర్షము: తృప్తికరము' అని మండలి టిక్కు పెట్టింది.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు రాజ్యం కోపంతోనో సిగ్గుతోనో ఉడికిపోతూ ఉండేది. గంగరాజు మాత్రం మినప చేలో ఉన్నంత శాంతంగా ఉండేవాడు. స్టూలు మీద కూర్చుని ఖాళీ దొరికితే 'కుళాయి వంతు' రాతప్రతి చదివేవాడు, సంఘటనల నంబర్లు సరిచూడాలి కాబట్టి. ఒక్కోసారి పేజీ చాటున భుజాలు కదిలేవి.

"ఏంటండీ?" అనేది రాజ్యం.

"ఏం లేదండి. దగ్గు," అనేవాడు.

పదిహేడో బెంచీకి ప్రతి ఆదివారం సాయంత్రం ఒక జంట వచ్చేది. అబ్బాయి వీరబాబు, నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. అమ్మాయి ప్రసన్న, పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. వేసవి వెళ్లాక ఇళ్లలో చెప్పేద్దామనుకుంటున్నారు. పురికొస దాటి వచ్చి కూర్చునే ధైర్యం ఆ ఊళ్లో వాళ్లిద్దరికే ఉంది. ప్రసన్న రాజ్యం దగ్గర చదువుకున్న పిల్లే.

మండలికి ఈ సంగతి తెలియగానే నూట పద్నాలుగు ప్రశ్నల ఫారాలు రెండు వచ్చాయి. 'లభ్యమైన జంటచే విడివిడిగా పూరింపజేయవలెను' అని.

"రాసిచ్చెయ్యండమ్మా, నా సీరియల్ వస్తుంది," అంది రాజ్యం. ఆ మాటన్నందుకు తర్వాత చాలా రోజులు బాధపడింది.

అరవై ఒకటో ప్రశ్న: 'ప్రేమ ఏ తేదీన, ఏ వేళ ప్రారంభమైనది?' వీరబాబు, 'ఆగస్టు పద్నాలుగు, సాయంత్రం నాలుగూ పది, డాక్టరుగారి మోటారు బాగుచెయ్యడానికి వెళ్లినప్పుడు' అని రాశాడు. ప్రసన్న, 'నవంబరు ఐదు. ఆగస్టులో నాకితను నచ్చలేదు. చొక్కా కూడా నచ్చలేదు' అని రాసింది. ఎనభై ఎనిమిదో ప్రశ్న: 'ప్రత్యామ్నాయములు పరిశీలించితిరా? ఎందరు?' వీరబాబు, 'ఒకరు' అని రాశాడు. అంతకుముందు వాళ్లమ్మ ఒక మేనత్త కూతురి మాట ఎత్తింది. అతను వద్దన్నాడు. ఫారంలో వద్దన్నట్టు రాయడానికి చోటు లేదు.

మండలి రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి, ఎనభై మూడు రోజుల వ్యత్యాసానికీ, ఒక ప్రత్యామ్నాయానికీ సంజాయిషీ ఇవ్వమని ఇద్దరికీ కలిపి నోటీసు పంపింది. రెండు ఫారాల నకళ్లూ జతచేసింది, పారదర్శకత కోసం.

ఆ ఆదివారం బెంచీ మీద వాళ్లు సంజాయిషీ ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పావుగంటలో ప్రసన్న ఒకవైపు, వీరబాబు ఒకవైపు పురికొస దాటి వెళ్లిపోయారు. వీరబాబు కాలు తగిలి ఒక మేకు ఊడింది.

బుధవారం నాటికి మండలి నుంచి అభినందన వచ్చింది. 'సంఘటన నంబరు పన్నెండు, అనగా అపార్థము, విజయవంతముగా ఏర్పడినది. నవలలో సదరు అపార్థము రెండు వందల పుటలు కొనసాగినది. పుటకు ఆరు గంటల చొప్పున యాభై దినములు దీనిని యథాతథముగా ఉంచవలెను. ఎవరును జోక్యము చేసుకొని తొలగింపరాదు.'

రాజ్యం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ప్రసన్న కళ్లు ఉబ్బి ఉన్నాయి. లేచి నిలబడింది, క్లాసులో నిలబడినట్టే.

"ఆ కాయితం రాయకముందు మేం బానే ఉన్నామండీ టీచర్‌గారూ," అంది. "ఎవరు ముందో నేనెప్పుడూ అడగలేదు. ఆయనా అడగలేదు. మీరే అడిగారు."

పన్ను నొప్పితో వచ్చిన ఒకాయన బుగ్గ పట్టుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు. పదకొండు నవలల్లో ఆవిడ పాఠకుల్ని నవ్వించిందే ఇలాంటి దాంతో. ఒక్క మాట చెబితే విడిపోయే ముడిని, ఆ ఒక్క మాటా ఎవరిచేతా చెప్పించకుండా సంచికల మీద సంచికలు నడిపింది. కాగితం మీద అది ఎంత బాగుండేది! ఇక్కడ ఈ పిల్ల మూడు రోజుల నుంచి అన్నం తినలేదు.

అక్కణ్ణుంచి తిన్నగా పార్కుకి వెళ్లింది. గంగరాజు ఊడిన మేకు మళ్లీ పాతుతున్నాడు.

"నేను చెప్పేస్తానండీ వాళ్లకి. నవల పోతే పోయింది."

"జోక్యం కూడదని మెమోలో రాశారండి."

"అది నేనూ చదివాను. మీరేమంటారు?"

గంగరాజు మేకు మీద చెయ్యి తియ్యలేదు. "చేలో నేను మేకులు పాతాక రైతొచ్చి, 'నీళ్లు పెట్టుకుంటాను బాబూ, ఎండిపోతంది' అంటే నేనెప్పుడూ వద్దన్లేదండి. నీళ్లు పెట్టారని రాసేవోణ్ణి. అంతే."

రాజ్యం ముందు వీరబాబు షెడ్డుకి వెళ్లింది. నిజం చెబుదామనే వెళ్లింది. కానీ నిజం అప్పటికే వాళ్లిద్దరి దగ్గరా ఉంది. తేదీతో సహా, సంతకంతో సహా ఉంది. దానివల్లే ఇదంతా వచ్చింది. విప్పేసిన మోటారు ముందు గొంతుక్కూర్చున్న ఆ అబ్బాయిని చూసేసరికి ఆవిడకి పాత అలవాటు పైకి వచ్చింది.

"పోయిన ఆగస్టులో పళ్ల డాక్టరుగారి మోటారు ఎన్నిసార్లు కాలిపోయింది వీరబాబూ?"

"మూడుసార్లండి."

"మూడుసార్లూ దానంతటదే కాలిందనుకుంటున్నావా?"

వీరబాబు స్పానర్ కింద పెట్టాడు. అతని మొహం నెమ్మదిగా వెలుగుతుంటే, అది చూడ్డానికి ఆవిడకి ఎంత బాగుందంటే, అక్కడ ఆగకుండా, మూడోసారి ప్రసన్న నీళ్లు లేకుండా గంటసేపు మోటారు నడిపిన సంగతీ, డాక్టరుగారు అరిచిన అరుపులూ, అరుపుల్లోని మాటలతో సహా అప్పటికప్పుడు కల్పించి చెప్పింది.

తర్వాత ప్రసన్న దగ్గరికెళ్లి, "ప్రత్యామ్నాయం ఒకరు అంటే ఎవరో పిల్ల కాదే. నువ్వు కాదంటే ఇక తనొక్కడే ఉండిపోతాడట. ఆ ఒకరు తనే," అంది.

ఆదివారం ఇద్దరూ బెంచీ మీదికి వచ్చారు. రాజ్యం, గంగరాజు చెరో మూలా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ వేరేవైపు చూస్తున్నారు.

"మోటారు నేను కాల్చడమేంటి?" అంది ప్రసన్న గట్టిగా. "నాకు స్విచ్చి ఎక్కడుందో కూడా తెలీదు."

"మరి నేనొక్కణ్ణే ఉండిపోతానని ఎక్కడ రాశాను? నాకంత ఇది లేదు," అన్నాడు వీరబాబు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి టీచర్‌గారి వీపు చూశారు. ప్రసన్నకి ముందు నవ్వొచ్చింది. "కాల్చి ఉంటే బావుండేది," అంది. వీరబాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మేనత్త కూతురి సంగతి ఆ తర్వాత రెండు ముక్కల్లో తేలిపోయింది.

గంగరాజు పుస్తకం తీసి రాసుకున్నాడు: 'రచయిత్రి రెండు అబద్ధములు ఆడినారు. రెండును బయటపడినవి. రెండును పనిచేసినవి.'

తుది విచారణ రోజున విశ్వపతిగారి బల్ల మీద నాలుగు వందల పన్నెండు పేజీల నివేదిక ఉంది. ఈసారి దాని మీద రెండు కిలోల రాయి పెట్టాల్సివచ్చింది.

"అపార్థము గడువునకు నలభై మూడు దినములు ముందే తొలగినది," అన్నారాయన. "ఎవరి ఉత్తర్వుపై?"

"నేనే తొలగించానండీ," అంది రాజ్యం.

"నివేదిక ముగింపులో పర్యవేక్షకులు ఏమి వ్రాసినారో తమరు చూచినారా? 'క్షేత్రములో లభించిన ఒకే ఒక సానుకూల ఫలితము ఊహ వలన కలిగినది.' గంగరాజుగారూ, ఊహ జాబితాలో లేదని మీకు తెలియదా?"

"తెలుసండి."

"దీనిని మార్చి వ్రాయండి."

"అదే పండిందండి," అన్నాడు గంగరాజు. "ఇంకోటి పండలేదు."

మండలి మూడు గంటలు సమావేశమై తీర్పు చెప్పింది. నవలలో పంతొమ్మిది సంఘటనలకు గాను గడువు నిండని అపార్థం పోగా ఒక్క వానకి మాత్రమే ఆధారం దొరికింది కాబట్టి నవల తిరస్కరించడమైనది. పరిశోధన మాత్రం పద్ధతి ప్రకారం జరిగింది కాబట్టి నివేదికను మండలే అచ్చు వేసి అన్ని గ్రంథాలయాలకూ పంపవలెను. అయితే, ఏ సంఘటనలు రుజువు కాలేదో పాఠకులకి తెలియాలి గనక, తిరస్కృత నవలని అనుబంధంగా పూర్తిగా జతచేయవలెను.

ఉగాదికి 'చిరుగాలి'లో ఇంకెవరిదో సీరియల్ మొదలైంది. నాయికానాయకులు మొదటి వారమే తమ పుట్టిన తేదీ పత్రాలు మార్చుకున్నారు. రెండో వారం నుంచి పత్రిక అమ్మకం తగ్గింది.

నివేదిక జూన్లో లైబ్రరీలకి చేరింది. నెల తిరిగేసరికి అన్ని ఊళ్లలోనూ ఆ పుస్తకం ఒకేలా తయారైంది. ముందు నాలుగు వందల పేజీలు మడత నలగకుండా తళతళలాడుతున్నాయి. అనుబంధం మాత్రం పసుపు మరకలూ, కాఫీ మరకలూ, విరిగిన మూలలతో రెట్టింపు లావైంది. అమలాపురంలో దాని కోసం లైను కట్టారు. 'అనుబంధం రెండో భాగం ఎప్పుడొస్తుంది?' అని పాఠకులు మండలికి ఉత్తరాలు రాశారు. విశ్వపతిగారికి ఉత్తమ పరిశోధనా నిర్వాహకుడని శాలువా కప్పారు.

అదే నెలలో గంగరాజుకి మెమో వచ్చింది. తిరిగి తన ఆఫీసుకి వెళ్లాక, పనివేళల్లో బల్ల సొరుగులో పుస్తకం పెట్టుకుని చదువుతూ బయటికి వినబడేలా నవ్వినట్టు ఫిర్యాదు. సంజాయిషీ ఏడు రోజుల్లో ఇవ్వాలి. అన్నీ ఉన్నదున్నట్టు రాసే మనిషి ఇదీ అలాగే రాశాడు.

'అయ్యా, నవ్విన మాట వాస్తవము. ఇది మొదటిసారి కాదు. పార్కులో విధి నిర్వహణలో ఉండగా సుమారు ముప్పై ఐదు పర్యాయములు నవ్వి, దగ్గుగా చూపినందుకు చింతిస్తున్నాను. నా భార్య కాలము చేసిన పిమ్మట తొమ్మిదేళ్లలో నేను నవ్విన మొత్తము ఇంతకంటే తక్కువ. ఇది పుస్తకము వల్లనా, రచయిత్రి వల్లనా అని పరిశీలించగా, పుస్తకము మూసిన తర్వాత కూడ కొనసాగుచున్నందున, రచయిత్రి వల్లనే అని తేలినది. సదరు రచయిత్రితో శేష జీవితము గడపవలెనని కోరిక కలిగినది. ప్రభుత్వోద్యోగిని గనుక ఈ విషయము తగు మార్గములో మనవి చేసుకొనుచున్నాను. ప్రతి: శ్రీమతి కాని వక్కలంక రాజ్యంగారికి, సమాచార నిమిత్తం.'

ప్రతి రాజ్యానికి స్కూల్లో, స్టాఫ్ రూంలో అందింది. మూడుసార్లు చదివింది. తొమ్మిదో తరగతి కాంపోజిషన్ పుస్తకాల మీద తల పెట్టుకుని నవ్వింది. తర్వాత ఏడ్చింది. లెక్కల టీచరు కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

వెంటనే జవాబు రాయలేదు. ఏం రాసినా నవల్లో మాటలాగే అనిపించింది.

పదిహేను రోజుల తర్వాత, ఒక శనివారం పొద్దున గంగరాజే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో పెట్టె లేదు, ఒక కవరు ఉంది. ఆవిడ జవాబు కోసం వచ్చినట్టు లేడు. ఏదో తప్పు చేసి వచ్చినవాడిలా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మండలి అభ్యంతరం చెప్పిందండి," అన్నాడు.

"దేనికీ?"

కవరులోంచి కాగితం తీసి ఇచ్చాడు. 'మీ కార్యాలయము నుండి మాకు చేరిన మీ మనవి పరిశీలించడమైనది. ఒకే ఒక నమూనా ఆధారముగా నిర్ధారణకు వచ్చుట శాస్త్రసమ్మతము కాదు. తగినంతమందిని పరిశీలించి, తులనాత్మక పట్టికతో తిరిగి సమర్పించవలెను.'

రాజ్యం పెదవి కొరుక్కుంది. "అయితే ఇంకొందర్ని చూసొస్తారా?"

"లేదండి. జవాబు పంపించేశాను నిన్ననే, ఆయ్."

"ఏమని?"

"ఇది నమూనా సర్వే కాదండీ, జనాభా లెక్క అని రాశాను. నాకున్న జనాభా మొత్తం ఒక్కరేనండి."

రాజ్యం ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మళ్లీ విప్పింది. ఇరవై రెండు మంది చేత మాట్లాడించిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఆ మడతలే మళ్లీ పెట్టింది. గంగరాజు ఓపిగ్గా నిలబడ్డాడు.

"జనాభా లెక్కలు ఎన్నాళ్లకోసారి తీస్తారండీ?" అని అడిగింది చివరికి.

"పదేళ్లకోసారండి."

"అలా కుదరదు," అంది రాజ్యం, చెప్పులు విప్పమన్నట్టు గుమ్మం పక్కకి జరిగి. "రోజూ తియ్యాలి."